వణుకు ఉన్నంతసేపు

ఆ ఏడు చలి కార్తీకం వెళ్లకముందే మా తండాకు వచ్చేసింది. పొద్దున లేచేసరికి పత్తి చేల మీద మంచు దట్టంగా పరుచుకొని, పక్కింటి కప్పు కూడా కనిపించేది కాదు. నేను యూనిఫాం వేసుకొని, మెడకు మఫ్లర్ చుట్టుకొని, టేకుమట్లలో అంబులెన్స్ డ్యూటీకి బయలుదేరే వేళకు మా అత్తమ్మ లాలి పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టెలు కాలుస్తూ ఉండేది. నా రొట్టెలు డబ్బాలో సర్ది, మూత బిగించి, డబ్బాను గడప మీద పెట్టేది. నా చేతికి మాత్రం ఇచ్చేది కాదు.

మాది జనగామ దిక్కు, చిల్పూర్ దగ్గర చిన్న ఊరు. ఆదివారం చర్చికి పోయే ఇల్లు మాది. నేను ఇష్టపడ్డ చందూలాల్‌ది లంబాడా ఇల్లు. రెండు ఇళ్లలోనూ ఒప్పుకోకపోతే మేమిద్దరం రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్చుకున్నాం. మా అమ్మ లచ్చమ్మ కొన్నాళ్లకే మెత్తబడి, అల్లుడికి కోడికూర వండి పెట్టింది. అత్తమ్మ మెత్తబడలేదు. అట్లాగని తిట్టేది కాదు, అన్నం తక్కువ పెట్టేది కాదు. నాతో మాట్లాడేది కాదు, అంతే. నాకేదైనా చెప్పాల్సి వస్తే వాళ్ల భాషలో మా మామ తుల్సీరాంకు చెప్పేది. ఆయన గొంతు సవరించుకొని, “బిడ్డా, నీళ్ల టాంకీ నిండిందట, మోటర్ బందు పెట్టాల్నట,” అని తెలుగులో నాకు అందించేవాడు. ముగ్గురం ఒకే వాకిట్లో, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉండగానే ఈ తంతు నడిచేది. ఆమెకు తెలుగు రాదా అంటే, పత్తి కాంటా దగ్గర సేటుతో కొట్లాడేటప్పుడు ఆమె తెలుగు వినాలి.

చందూలాల్ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఒక రోజు షిఫ్టు దిగి వచ్చి, నన్ను పక్కకు పిలిచాడు.

“కార్మికుల క్వార్టర్ల ఎనుక ఒక గది సూసిన గీతా. పోదామా? నీకీడ ఊపిరాడుతలేదని నాకు తెలుసు.”

“పత్తి ఏరుడు అయిపోనియ్యి,” అన్నాను. “ఇప్పుడు పోతే మీ అమ్మకు చేతికింద మనిషుండదు.”

“ఆమె నిన్ను చేతికింద మనిషి లెక్క సూస్తున్నదా?”

పొద్దున్నే డ్యూటీకి పోవాల్సి ఉందని అటు తిరిగి పడుకున్నాను.

డిసెంబరులో, మంచు బాగా కమ్మిన ఒక ఉదయం, గొర్ల కాపరి లింగయ్యను ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. నేనూ, అంబులెన్స్ నడిపే పైలట్ బలరాం అన్నా చేరేసరికి ఆయన రోడ్డు పక్క నారుమడి బురదలో పడి ఉన్నాడు. తలకు కట్టు కట్టాం, చేతికి బద్ద కట్టాం, బండిలో ఉన్న ఒక్క దుప్పటీ కప్పి, భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టర్ శృతి మేడం ఆయన చొక్కా పైకెత్తి, నా చెయ్యి పట్టుకొని ఆయన పొట్ట మీద పెట్టించింది. పొద్దున్నే బయట ఉన్న బండరాయిని ముట్టుకున్నట్టు ఉంది.

“మన దగ్గర మంచుకొండలు లేవు కదా, చలికి ఏమవుతుందిలే అనుకుంటాం గీతా,” అన్నది మేడం, పని ఆపకుండానే. “తడి బట్టలు, కింద నేల, పైన గాలి — అంతే చాలు. దెబ్బ తగిలిన ఒళ్లు చల్లబడితే రక్తం త్వరగా గడ్డకట్టదు. ముందు తడి తీసెయ్యి. పైన కప్పేదానికంటే కింద ఎక్కువ వెయ్యి, నేల వేడిని గుంజేస్తుంది. వణుకుతున్నాడంటే ఒళ్లు ఇంకా కొట్లాడుతోందని లెక్క. వెచ్చబడకుండానే వణుకు ఆగి, మాట ముద్దగా వస్తే అప్పుడు భయపడు.”

లింగయ్య బతికాడు. కట్టుతోనే ఇంటికి పోయాడు. ఆయన భార్య భూదేవి నన్ను వెతుక్కుంటూ టేకుమట్లకు వచ్చి, భుజాన మడత పెట్టి తెచ్చిన నల్లటి గొంగడి తీసి అంబులెన్స్‌లో పెట్టింది.

“మా గొర్ల బొచ్చుతోని నేసింది. వానల తడిసినా వెచ్చగనే ఉంటది. ఇంకెవలకన్న పనికొస్తది, ఉంచుకో బిడ్డా,” అన్నది.

మా డ్యూటీ బండిలోకి ఆ తర్వాత ఇంకా కొన్ని చేరాయి. బలరాం అన్న ఇంటి నుంచి ఖాళీ యూరియా సంచులు తెచ్చాడు. మెరిసే పలచటి దుప్పట్లు రెండు కావాలని నేను పైవాళ్లను అడిగి అడిగి తెప్పించుకున్నాను. ఆ సామాను చూసి పక్క బండివాళ్లు, “సంసారం పెట్టిండ్రా లోపట?” అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం.

*

పత్తి చివరి ఏరుడు నడుస్తున్నప్పుడు ఆ ఫోన్ వచ్చింది. పొద్దెక్కినా సూర్యుడు కనిపించని రోజు. వాగు మీది చప్టా దాటుతూ పత్తి ట్రాక్టర్ ట్రాలీ బోల్తా పడిందని, కూలికి పోయే ఆడవాళ్లు అందులో ఉన్నారని చెప్పారు. ఏ తండావాళ్లని నేను అడగలేదు. ఆ పూట ఆ దారిన పోయే ట్రాక్టర్ ఏదో నాకు తెలుసు. గడప మీద నా డబ్బా పెట్టి, చీర మీద పాత చొక్కా తొడుక్కొని, అత్తమ్మ ఎక్కిపోయింది దాంట్లోనే.

బలరాం అన్న నా మొహం ఒకసారి చూశాడు. బండి మామూలుగా పోయే పోకడ పోలేదు.

మేం చేరేసరికి చప్టా పక్కన మా తండా ఆడవాళ్లు నీళ్లోడుతూ నిలబడ్డారు. పక్కింటి సంగీత మోచేతి నుంచి నెత్తురు కారుతుండగా నా దగ్గరికి ఉరికొచ్చింది.

“వదినా, మేమందరం దునికినం. పెద్దమ్మ కాలు ట్రాలీ కింద ఇరికింది.”

ఇంజను చప్టా మీదే ఆగిపోయింది. ట్రాలీ మాత్రం పక్కకు జారి వాగు ఒడ్డున తలకిందులైంది. పత్తి సంచులు కొన్ని నీళ్లలో తేలుతున్నాయి, కొన్ని ఒడ్డున పొదల మీద పడి ఉన్నాయి. అత్తమ్మ ఒక సంచికి ఆనుకొని, నడుము దాకా నీళ్లలో ఉంది. కుడికాలు మోకాలి దిగువన ట్రాలీ అంచు కింద ఇరుక్కుంది. తొడ ఉండాల్సిన తీరులో లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది.

నాడి చూశాను, తల తడిమాను, వెన్నులో నొప్పుందా అని అడిగాను. బయటున్న కాలి వేళ్లు కదిపింది. ట్రాలీని చేతులతో లేపుదామని మగవాళ్లు నలుగురైదుగురు అంచులు పట్టుకున్నారు.

“ముట్టకండ్రి! ఊపితే తొడ ఇంకా నలుగుతది,” అని కేక వేశాను. “బలరామన్నా, జేసీబీ యాడున్నది?”

“చెరువు కాడ మట్టి తీస్తున్నదట. బయలెల్లింది. ఎట్లలేదన్నా గంట పడుతది,” అన్నాడు, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని. దెబ్బలు తగిలిన మిగతావాళ్ల కోసం ఇంకో బండిని కూడా పిలిచాడు.

గంట. ఆ నీళ్లలో ఆమె గంట ఉండలేదు. ట్రాలీ లేవకుండా ఆమెను నీళ్లలోంచి తియ్యలేం. ఏం చెయ్యాలో తోచక నేను నీళ్ల వైపు చూస్తుంటే, సంగీతే అన్నది:

“మనిషిని తియ్యలేకపోతే నీళ్లనే తీద్దాం వదినా. మడి కట్టినట్టు కట్ట పోద్దాం.”

ఆడవాళ్లంతా ఒక్కసారి నీళ్లలోకి దిగారు. తడిసి బరువెక్కిన పత్తి సంచులను ఒకదాని పక్క ఒకటి ఈడ్చి, సందుల్లో బురద కూరి, అత్తమ్మ చుట్టూ గట్టు కట్టారు. ఎవరి సద్దిడబ్బా వాళ్లు తెచ్చుకున్నారు కదా, అన్నం ఒడ్డున కుమ్మరించి ఆ డబ్బాలతోనే లోపలి నీళ్లు తోడిపోశారు. నాకు జీతమిచ్చి నేర్పిన పాఠాల్లో ఎక్కడా ఇది లేదు. కాసేపటికి ఆమె కింద బురద తేలింది.

“పొదల మీది సంచులు తేండ్రి. పొడిగ ఉన్నయి మాత్రమే. తడిసిన పత్తి మనకొద్దు,” అన్నాను.

వడ్లు ఆరబోసే పరదా ఒకటి పక్క పొలంలోంచి వచ్చింది. నలుగురు ఆడవాళ్లు దాన్ని చుట్టూ అడ్డం పట్టుకొని, వీపులు మావైపు పెట్టి నిలబడ్డారు. నేను కత్తెర తీశాను. తడి చొక్కా కోశాను. కొంగు మొదలుకొని ఆమె ఎర్రచీర కోస్తుంటే, అంతదాకా మూలిగిన మనిషి ఒక్కసారి గొంతు పెంచింది. ఎడతెగకుండా వాళ్ల భాషలో ఏదేదో అంటోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. శృతి మేడం మాట గుర్తొచ్చింది. మాట ముద్దగా వస్తోందా, సరిగ్గా వస్తోందా, ఆ భాష రాని నాకెట్లా తెలుస్తుంది?

“సంగీతా, ఏమంటున్నది? మాట సక్కగ ఉన్నదా, ముద్దముద్దగ వస్తున్నదా?”

సంగీత ఇబ్బందిగా చూసింది. “సక్కగనే ఉన్నది వదినా.”

“ఏమన్నదో సెప్పు.”

“వద్దులే.”

“నాకు తెల్వాలె సంగీతా. జల్ది సెప్పు.”

“తీజ్ పండుగకు కొనుక్కున్న చీరట. నీ చేతులిరిగిపోను అంటున్నది. అడుగుపెట్టిన నాటి సంది ఇంట్ల ఒక్కొక్కటే పోగొడుతున్నవట. ముందు కొడుకట, ఇప్పుడు చీరట.”

పరదా పట్టుకున్న వీపులు కదిలాయి. ఆ చలిలో, ఆ బురదలో, వాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. నాకూ నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

“శానా మంచిగ ఉన్నది. ఆపొద్దను. ఇంకా తిట్టమను,” అన్నాను.

ఆడవాళ్లు చీరల మీద తొడుక్కున్న చొక్కాల్లో పొడిగా మిగిలినవి విప్పి ఇచ్చారు. వాటితో ఆమె ఒళ్లు అద్ది తుడిచాను. ఒకామె కాళ్లు రుద్దబోతే వద్దన్నాను. నడుము కిందికీ వీపు కిందికీ యూరియా సంచులు తోసి, వాటి మీద దోసిళ్లకొద్దీ పొడి పత్తి కూరి, దాని మీద లింగయ్య గొంగడి జరిపాం. పైన చొక్కాలు, వాటిపైన మెరిసే దుప్పటి, చుట్టూ మళ్లీ పత్తి. నా మఫ్లర్ తీసి ఆమె తలకూ చెవులకూ చుట్టాను. చేతికి ఎక్కించాల్సిన సెలైన్ చల్లగా ఉంటే, ఆ సంచిని ముందే నా చొక్కా లోపల పెట్టుకొని వెచ్చబెట్టి, అప్పుడు ఎక్కించాను.

అప్పటికి మామ తుల్సీరాం వచ్చాడు. ఎవరి బండి మీద వచ్చాడో, చెప్పులు కూడా లేవు. నడుముకు దోపుకున్న సారా సీసా తీసి నా ముందు పట్టాడు.

“జర రెండు గుటకలు పొయ్యి బిడ్డా. వేడి పుడతది.”

“వద్దు మామా. పైకి వెచ్చగ అనిపిస్తది గని, లోపలి వేడి బయటికి పోతది.”

వణుకుతున్న పెదాలతోనే అత్తమ్మ ఏదో అన్నది. ఆమెకు కావాలంటున్నదని నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. మామ మా ఇద్దరినీ చూసి, సీసా మూత బిగించి పొదలోకి విసిరేశాడు.

“మరి నేనేం జెయ్యాలె? సెప్పు.”

“నిప్పు పెట్టి నీళ్లు కాగబెట్టు. గీడ కాదు మామా, సుట్టూ పత్తే ఉన్నది. అగో, ఆ అవుతలి ఒడ్డున.”

ఆయన, బలరాం అన్నా కలిసి అవతల మంట పెట్టి, గోరువెచ్చటి నీళ్లు సీసాల్లో పోసి, తువ్వాలు ముక్కలు చుట్టి పంపించారు. వాటిని ఆమె చంకల కింద పెట్టాను.

ఇక చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. జేసీబీ చప్పుడు మాత్రం వినిపించడం లేదు.

ఆ నిశ్శబ్దంలోనే గమనించాను, తిట్లు ఆగిపోయాయి. పళ్లు కొట్టుకోవడం కూడా ఆగింది. నిద్రపోతున్నట్టు కళ్లు సగం మూసి, ఏదో మెల్లగా గొణుగుతోంది.

“ఏమంటున్నది?”

సంగీత వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది. తల ఎత్తినప్పుడు దాని మొహం తెల్లబోయింది.

“సక్కగ తెలుస్తలేదు వదినా. వాళ్ల అమ్మతోని మాట్లాడుతున్నది. మేకలు ఇంటికొచ్చినయా అని అడుగుతున్నది. ఆ ముసలామె నేను పుట్టకముందే సచ్చిపోయింది.”

నా చేతులు ఆమె మెడ మీద నాడిని వెతుకుతూనే ఉన్నాయి. అది దొరికింది. కానీ మెల్లగా ఉంది. యూనిఫాం మీది తడి కోటు విప్పి అవతల పడేశాను. లోపలి చొక్కా పొడిగానే ఉంది. పరదా ఎత్తి ఆమె పక్కన పత్తిలోకి దూరి, తొడ కదలకుండా చూసుకుంటూ, రెండు చేతులూ చుట్టూ వేసి దగ్గరికి తీసుకున్నాను. “అటు పక్క నువ్వు రా,” అన్నాను సంగీతతో. అది పొడి చొక్కా ఒకటి తొడుక్కొని అటువైపు దూరింది. పైనున్నవాళ్లు పరదా మా ముగ్గురి మీదా కప్పేశారు.

ఆమె చెంప నా మెడకు ఆనింది. రాత్రంతా బయట ఉన్న స్టీలు బిందెను ఒళ్లో పెట్టుకున్నట్టు ఉంది. అంత చలిలోనూ ఆమె జుట్టులోంచి పొయ్యి పొగ వాసన వచ్చింది. ఇన్ని నెలల్లో నేను ఆమెను దగ్గరికి తీసుకున్నది అదే మొదటిసారి. చర్చిలో చెప్పుకొనే ప్రార్థన పెదాల దాకా వచ్చింది, చెప్పుకున్నాను. తర్వాత చందూలాల్ ఆమెను ఎట్లా పిలుస్తాడో అట్లాగే, “యాడీ, యాడీ,” అని పిలుస్తూ ఉండిపోయాను. ఆమె భాషలో అమ్మను పిలిచే ఆ ఒక్క మాటే అప్పుడు నా నోటికి వచ్చింది.

ఎంతసేపైందో తెలియదు. ముందు ఆమె దవడ నా మెడ దగ్గర అదిరింది. తర్వాత భుజం. ఆపైన ఒళ్లంతా పట్టుకొని ఊపినట్టు, నా పక్కటెముకలకు తగిలేటట్టు వణుకు మొదలైంది.

“వణుకుతున్నది!” అని అరిచాను. “బలరామన్నా, వణుకుతున్నది!”

ఒడ్డున మగవాళ్లు గాబరాపడ్డారు. మామ పరదా దగ్గరికి ఉరికొచ్చాడు. “అయ్యో, ఏమైంది బిడ్డా?”

“మంచిదే మామా! మంచిగైతున్నది!”

అప్పుడే మలుపు అవతల జేసీబీ చప్పుడైంది.

*

ట్రాలీని వెంట్రుకవాసి లేపమంటే ఆ డ్రైవరు అంతే లేపాడు. బద్ద కట్టి, స్ట్రెచర్ మీదికి మార్చి, పత్తితో సహా ఒడ్డు మీదికి మోశారు. అడుగుకో మనిషి నిలబడి చేతులు మార్చుకున్నారు. ఎక్కడా కుదుపు లేదు.

బండిలో బలరాం అన్న అద్దాలన్నీ మూసి, హీటర్ పూర్తిగా పెట్టాడు. పరకాల దాటేసరికి ఆయన మెడ మీద చెమట కారుతోంది. తుడుచుకుంటాడే గానీ తగ్గించడు. నేను అత్తమ్మ పక్కన కూర్చొని నాడి లెక్క చూసుకుంటూ ఉన్నాను. పెదాల నలుపు పోయి రంగు తిరిగింది. వరంగల్ పొలిమేరలో ఆమె కళ్లు తెరిచి, పైకప్పును చూసి, నన్ను చూసి, ఆ తర్వాత చూపు కిందికి దించింది.

“నీ బూట్ల నిండ నీళ్లున్నయి,” అన్నది తెలుగులో. “ఇడువు.”

అప్పటిదాకా నా కాళ్ల సంగతి నాకే తెలియదు. బూట్లు విప్పాను. నీళ్లు బండిలో మడుగు కట్టాయి. ఆమె చెయ్యి దుప్పటి అంచును నా వైపు కొంచెం జరిపింది. నేను కాళ్లు దాని కింద పెట్టుకున్నాను.

పెద్ద దవాఖానలో తొడలో రాడ్డు వేశారు. కబురు ఆలస్యంగా అందిన చందూలాల్ ఆపరేషన్ అయిన మరునాడు గని నుంచి తిన్నగా వచ్చాడు. చెవుల వెనక బొగ్గు మసి అట్లాగే ఉంది.

“యాడి ఎట్లున్నది?” అన్నాడు గుమ్మంలోనే.

“పప్పుల ఉప్పు లేదని ఇందాకనే నర్సును అడుగుతున్నది,” అన్నాను.

అతను గోడకు జారగిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

*

తండాకు తిరిగి వచ్చాక అత్తమ్మ మంచం వాకిట్లోకి మారింది. ఎండ ఎటు జరిగితే మంచం అటు జరగాలి. జరపాల్సింది నేనో మామో. ఆమె నాతో మాట్లాడేవి ఎక్కువగా ఆజ్ఞలే. మంచం జరుపు, దిండు ఎత్తు, పొయ్యి మీద పాలు చూడు. మధ్యలో మనిషి లేకుండా నేరుగా నాకే చెప్పేది. పనిలేకుండా పోయిన మామ బీడీ ముట్టించుకొని గోడ మీద కూర్చునేవాడు. క్వార్టర్ల వెనక గది వేరే ఎవరో తీసుకున్నారని చందూలాల్ చెబితే, “పోనీలే,” అన్నాను. మళ్లీ ఇంకొకటి వెతకమని నేను అనలేదు, వెతుకుతానని అతనూ అనలేదు.

ఆమెకు అనుమానాలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే బయటికి తీసేది.

“ఆనాడు సారా ఎందుకు పొయ్యనియ్యలే?”

మళ్లీ చెప్పాను.

“కాళ్లు ఎందుకు రుద్దనియ్యలే? మా యాడి మాకు రుద్దేది.”

“ఇంట్ల చలిపెడితే రుద్దితే రుద్దుకోవచ్చు. గంతగనం చల్లబడ్డ మనిషిని కదిలిస్తే, రుద్దితే, గుండె తట్టుకోదు అత్తమ్మా. మెల్లగ తియ్యాలె, మెల్లగ వెచ్చబెట్టాలె.”

“కింద పత్తెందుకు? మీద కప్పితే సాలదా?”

నేను చెప్పినదాన్ని ఆమె పొద్దున పనికిపోయే ఆడవాళ్లకూ, సాయంత్రం మేకలు తోలుకొచ్చే పిల్లలకూ వాళ్ల భాషలో చెప్పేది. నేను చెప్పినంతే చెప్పేదా, ఇంకేమైనా కలిపేదా అని సంగీతను అడిగాను. “నువ్వు ఎర్రచీర కోసింది కూడ సెప్తున్నది వదినా. అయితె ఇప్పుడు కోసుడే మంచిదైందని అంటున్నది,” అన్నది అది.

ఒకసారి నేనే అడిగాను. మీ భాష నాకు నేర్పు, ఇక్కడ చుట్టుపక్కల ఎన్నో తండాలున్నాయి, ముసలివాళ్లను ఎక్కడ నొప్పని అడగడం కూడా నాకు రాదు అని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత తల నుంచి మొదలుపెట్టింది. తల, మెడ, ఛాతీ, పొట్ట. నేను పలికే తీరుకు కట్టు ఉన్న కాలు కదిలేటట్టు నవ్వేది. నొప్పి పుట్టి, “నవ్వియ్యకు,” అని మళ్లీ నన్నే కసిరేది. చలి తగ్గకముందే నాకు ఎక్కడ నొప్పి, ఎప్పుడు పడ్డావు, ఊపిరాడుతోందా అని అడగడం వచ్చేసింది. జవాబు అర్థం చేసుకోవడం మాత్రం ఇంకా కష్టంగానే ఉండేది.

చలికాలం చివర్లో, ఇక పోయిందనుకున్న చలి ఒక్కసారి మళ్లీ తిరగబడింది. ఆ పొద్దున ఫోన్ మా తండా నుంచే వచ్చింది. తండాలో అందరికంటే పెద్దవాడు మంగ్యా. మిరపతోటకు మోటరు పెట్టబోయి, పాచి మీద కాలు జారి బావిలో పడ్డాడు. బలరాం అన్న బండి తిప్పాడు. దారంతా నేను మనసులో సర్దుకుంటూనే ఉన్నాను. ముందు తడి బట్టలు, తర్వాత కింద వెయ్యడానికి, తర్వాత పైన. ముసలాయన, ఎముకలు గుల్లబారిన ఒళ్లు, చన్నీళ్లు. ఎట్లా ఉంటాడో.

బండి తండాలోకి తిరిగేసరికి మా వాకిట్లో జనం. మధ్యలో అత్తమ్మ, వాకర్ పట్టుకొని నిలబడి ఉంది. ఆమె గొంతు బండి అద్దాలు మూసి ఉన్నా వినిపించింది.

మంగ్యా మా మంచం మీద ఉన్నాడు. మంచం మీద ముందు వరిగడ్డి, దాని మీద సంచులు, ఆ మీద బొంతలు. పైన ఎన్ని ఉన్నాయో చెప్పలేను. తల చుట్టూ తువ్వాలు. నుదుటి మీద గుడ్డ నొక్కి కట్టు కట్టి ఉంది. ముక్కూ మీసమూ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఆయన తడిబట్టలు కంచె మీద ఆరేసి ఉన్నాయి. మంట మంచానికి దూరంగా ఉంది, దాని మీద నీళ్లు కాగుతున్నాయి.

“పడంగనే తీసిండ్రు,” అన్నది అత్తమ్మ నాతో, డ్యూటీ అప్పగించే నర్సు లాగా. “నెత్తి పగిలింది, గుడ్డ కట్టినం. పక్కటెముకల కాడ నొప్పంటున్నడు, ఆడ ముట్టలే. మొదట శానా వణికిండు, ఇప్పుడు తగ్గింది, ఒళ్లు వెచ్చబడ్డది. మాట సక్కగ ఉన్నది. సారా తెచ్చిండ్రు, పొయ్యనియ్యలే.”

నేను మంగ్యా పక్కన కూర్చొని, దుప్పట్ల కింద చెయ్యి పెట్టి పొట్ట ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఎక్కడ నొప్పని ఆయన భాషలోనే అడిగాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకొని నన్ను చూసి, ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది గానీ, ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు.

“మెల్లగ ఎత్తండ్రి,” అన్నది స్ట్రెచర్ పట్టుకున్నవాళ్లతో. బలరాం అన్న వైపు తిరిగి, “గుంతలు సూసుకొని తోలు,” అన్నది.

తలుపు వేసుకొని కదిలాం. నేను నాడి చూస్తుంటే మంగ్యా దుప్పట్లలోంచి చెయ్యి బయటికి తీసి నా మణికట్టు పట్టుకున్నాడు.

“బిడ్డా, ఉడుకపోస్తున్నది. ఒకటన్న తియ్యరాదు.”

నిజమే, ఆయన పైపెదవి మీద చెమట పట్టింది. పై బొంత అంచు పట్టుకొని, వెనక అద్దంలోంచి బయటికి చూశాను. అత్తమ్మ వాకర్ మీద ఆనుకొని, బండి వెంబడే చూస్తూ అక్కడే నిలబడి ఉంది.

“తీస్తా తాతా,” అన్నాను. “జర మూలమలుపు దాటనియ్యి. మా అత్తమ్మ సూస్తున్నది.”